ఎగ్జిమా యను చర్మవ్యాధి: స్థానికాధికారులు గుర్తెరుగవలసిన సంగతులు

బాలుని మోచేతి మడతలలో రసి కారుచున్న మచ్చలను చూచి, అంటువ్యాధియని భయపడి, పాఠశాలనుండి యింటికి పంపివేయుట కలదు. ఆ మచ్చలు ఎగ్జిమావలన కలిగినవైనచో ఇట్టి చర్య నిష్కారణము. ఎగ్జిమా ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు.

1. వ్యాధి స్వభావము.— చర్మపు పైపొర దేహములోని తేమను నిలుపుచు, బయటి మలినములను అడ్డగించును. ఈ పొర బలహీనమైనపుడు చర్మము ఎండి, దురద పుట్టి, గోకినకొలది వాచి, రసి కారును. ఈ పొరకు బలమునిచ్చు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు విషయమున గల జన్యులోపము కొందరియందు ఈ వ్యాధికి దోహదమగునని 2006లో తేలినది. ఉబ్బసము గల కుటుంబములలో ఇది హెచ్చు. పసిబిడ్డలకు బుగ్గలమీదను, ఎదిగిన పిల్లలకు మోచేతి, మోకాటి మడతలలోను, పెద్దలకు చేతులమీదను, మెడమీదను తరచుగా కానవచ్చును. చామనచాయ చర్మముపై ఇది ఎఱ్ఱగా గాక గోధుమ లేక బూడిద వన్నెగా నుండవచ్చును. కావున ఎఱుపు లేనంతమాత్రమున వ్యాధి స్వల్పమని తలపరాదు.

2. గజ్జి, తామరలతో భేదము.— గజ్జి సూక్ష్మమైన పురుగువలన కలుగును. వ్రేళ్ల సందులలోను, మణికట్టునను, నడుమునను రాత్రివేళ దురద హెచ్చును. ఇంటిలో పలువురికి సోకును. దానికి ఇంటివారందరికిని ఒక్కమారే చికిత్స జరుగవలెను. తామర బూజుజాతి సూక్ష్మజీవివలన కలిగి, అంచు ఉబ్బి, నడుమ తేటపడి, చక్రాకారముగా వ్యాపించును. ఈ రెండును అంటునవి. మూడింటికిని చికిత్స వేరు గనుక వైద్యుడే నిర్ణయింపవలెను.

3. నిత్యసంరక్షణ.— గోరువెచ్చని నీటితో పది నిమిషములకు మించక స్నానము చేయించి, తడి పూర్తిగా ఆరకమునుపే పెట్రోలియం జెల్లీనిగాని తేమను నిలుపు మరియొక లేపనమునుగాని ధారాళముగా పూయవలెను. ఘాటైన సబ్బును వాడుటయు, సున్నిపిండితో గట్టిగా రుద్దుటయు హానికరములు. గోళ్లు కురుచగా కత్తిరించి, నూలు వస్త్రములు తొడుగవలెను. జిడ్డు లేపనము పీల్చిన వస్త్రము సులభముగా అంటుకొనును గనుక పొయ్యియొద్ద జాగ్రత్త అవసరము. వైద్యుని సలహా లేక పాలు, గ్రుడ్లు మొదలగు వానిని మానిపించినచో బిడ్డ పోషణలోపమునకు గురియగును.

4. స్టెరాయిడ్ లేపనములు.— వైద్యుడు చెప్పినంత బలము గలదానిని, చెప్పినన్ని దినములు వాడినచో ఇవి మిక్కిలి మేలుచేయును, భయపడి మానరాదు. పెద్దవాని చూపుడువ్రేలి కొన కణుపు పొడవున గొట్టమునుండి పిండినది సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటికి చాలును. అయితే తామరపై పూసినచో దురద తాత్కాలికముగా తగ్గినను, వ్యాధి రూపుమారి వ్యాపించును. చిరకాలము విచ్చలవిడిగా వాడినచో చర్మము పలుచబడును. 2018లో భారత ప్రభుత్వము పలు స్టెరాయిడ్ లేపనములను షెడ్యూల్ 'హెచ్'లో చేర్చి, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిర్ణయించినది.

5. అధికారుల కర్తవ్యము.— (అ) ఎగ్జిమా గల బిడ్డను బడినుండి తొలగింపరాదని, వేరుగా కూర్చుండబెట్టరాదని ఉపాధ్యాయులకు తెలియజేయవలెను. (ఆ) చీటి లేక స్టెరాయిడ్ లేపనములను అమ్ము అంగళ్లను గూర్చి ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను. (ఇ) 1950ల నడుమ పూణెయందు గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామ మొక్క, గాలిలో ఎగురు తన సూక్ష్మభాగములచే కొందరికి ముఖముపైనను మెడపైనను ఎగ్జిమా కలిగించును. దానిని పూతకు మునుపే, చేతులకు తొడుగులు ధరింపజేసి పెరికింపవలెను. (ఈ) సిమెంటులోని క్రోమియమువలన తాపీపనివారికిని, నిత్యము తడిలో పనిచేయుటవలన పారిశుద్ధ్యపు పనివారికిని చేతుల ఎగ్జిమా రావచ్చును. వారికి తొడుగులును, చేతులు కడుగుకొనుటకు మంచినీరును సమకూర్పవలెను.

పసుపుపచ్చని పక్కులు కట్టినను, జ్వరముతో గుంపులుగా నీటిబొబ్బలు లేచినను జాగు చేయక ఆసుపత్రికి పంపవలెను. రెండవది ప్రాణాపాయకరము కావచ్చును. తక్కిన సందర్భములలో ఈ వ్యాధి చాలమందియందు వచ్చుచు పోవుచుండును. ఓపికతో కూడిన నిత్యసంరక్షణచే అదుపులో నుండును. రోగిని వెలివేయుటవలన మాత్రము ఎవరికిని మేలు కలుగదు.