మోటారు సైకిలు నేర్చుకొనే సభ్యులకు: ముందు ఖాళీ బండి, తరువాత పాల క్యాను

ఆ మధ్య ఒక పాల ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తుండగా, సేకరణ రిజిస్టరులో ఒక సభ్యుని పేరు ఎదుట వరుసగా నలభై మూడు రోజులు అడ్డగీతలు కనిపించాయి. పూటకు ఏడు లీటర్లు తప్పకుండా పోసే మనిషి. గేదెలు అమ్ముకున్నారేమో అనుకొని కార్యదర్శిని అడిగాము. "లేదు సార్, కాలు విరిగింది. కొత్తగా మోటారు సైకిలు కొన్నారు" అన్నారు.

ఆ సభ్యునికి నలభై ఎనిమిదేళ్లు. కొట్టం ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, చేలో ఉంది. ముప్పై ఏళ్లు సైకిలు మీదే పాలు తెచ్చారు. ఈ వయసులో బండి నేర్చుకొంటుంటే నలుగురూ నవ్వుతారని, చీకటి పడ్డాక రెండు సాయంత్రాలు గుట్టుగా నేర్చుకొన్నారు. మూడో నాటి ఉదయం తన పాలూ పక్క కొట్టం వారి పాలూ కలిపి పాతిక లీటర్లు, నలభై లీటర్ల క్యానులో పోసి, బండికి ఒక పక్కనే కట్టారు. కాలువ తూము దగ్గర మలుపులో క్యానులోని పాలు ఒక్కసారిగా ఒక వైపు ఊగాయి. భయంతో హ్యాండిలు గట్టిగా పట్టుకొన్నారు. బండి ఆగకపోగా ముందుకు దూకింది. బండి ఆయన కాలి మీద పడింది.

ఆ నలభై మూడు రోజులూ ఇల్లాలు ఒక్కరే గడ్డి కోసి, పాలు పితికి, సంఘం దాకా రాలేక కొట్టం దగ్గరకు వచ్చే పాల వ్యాపారికి అతను చెప్పిన ధరకే పోశారు. మేము అక్కడే కూర్చుని లెక్క కట్టాము: 602 లీటర్లు. సంవత్సరాంతపు బోనసులో కూడా ఆ మేరకు కోతే. ఆస్పత్రి ఖర్చు వేరే.

మేమూ ముప్పై దాటాకే నేర్చుకొన్నాము. అంతవరకు సైకిలు మీద, బస్సుల మీద సంఘాలు తిరిగాము. మొదటి రోజున ఒక సంఘం ఆవరణలో నేరుగా గడ్డివాములోకి పోయాము. సైకిలు బాగా తొక్కేవారికి మోటారు సైకిలు మీద నిలకడ త్వరగానే వస్తుంది గాని, ఒక అలవాటు చెరుపు చేస్తుంది. భయం వేయగానే పిడికిలి బిగిస్తాము. సైకిలుకు దానివల్ల నష్టం లేదు. మోటారు సైకిలుకు కుడి పిడికిట్లో ఉన్నది యాక్సిలరేటరు. పిడికిలి బిగిసి మణికట్టు వెనక్కు తిరిగితే ఇంజను ఇంకా ఎక్కువ లాగుతుంది. మా గడ్డివాము సంగతీ, ఆ సభ్యుని కాలి సంగతీ ఇదే.

కనుక కొత్తవారు మొట్టమొదట నేర్చుకోవలసినది ఎడమ చేతి క్లచ్చి. దానిని పూర్తిగా నొక్కితే ఇంజనుకూ వెనుక చక్రానికీ సంబంధం తెగిపోతుంది. యాక్సిలరేటరు ఎంత తిప్పి ఉన్నా ఇంజను అరుస్తుందే గాని బండిని లాగదు. ఏమి చేయాలో తోచనప్పుడు క్లచ్చి నొక్కి, బ్రేకు వేయడం చేతికి అలవాటు కావాలి.

సాధనకు కళ్లమో, బడి మైదానమో, పశువులూ పిల్లలూ లేని చోటు చూసుకోవాలి. మొదటి రోజు ఇంజను వేయకుండా బండిని నడిపించుకొంటూ తిరిగి, స్టాండు వేసి తీసి, దాని బరువు తెలుసుకోవాలి. మరునాడు ఇంజను వేసి, క్లచ్చి నొక్కి మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ నేల మీదే ఉంచి, యాక్సిలరేటరు ముట్టకుండా క్లచ్చిని వెంట్రుకవాసి చొప్పున వదలాలి. ఒక చోట బండి కదలబోతున్నట్లు తెలుస్తుంది. చెయ్యి అక్కడే నిలిపి నాలుగడుగులు పోయి, మళ్లీ నొక్కి ఆపాలి. ఇది యాభై సార్లు చేయాలి. చూసేవారికి నవ్వుగా ఉంటుంది, ఉండనివ్వండి. ఇది కుదిరిన తరువాతే కాళ్లు పైకెత్తాలి.

గేర్ల వరుస అన్ని బండ్లకూ ఒకటి కాదు. కొన్నింటికి అన్నీ ముందుకు తొక్కాలి, కొన్నింటికి మొదటిది కిందికీ మిగిలినవి పైకీ. అమ్మిన వారిని అడిగి తెలుసుకోవాలి.

ముందు బ్రేకు వేస్తే తిరగబడతామని మన పల్లెల్లో ఒక భయం ఉంది. దానితో చాలామంది వెనుక బ్రేకుతోనే బండి నడుపుతారు. ఇది సరికాదు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ వేయాలి. అయితే ఇసుక మీద, బురదలో, హ్యాండిలు తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది. అటువంటి చోటుకు చేరకముందే వేగం తగ్గించుకోవాలి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వెనుక దీపం లేని ట్రాక్టరు, పొగమంచులో అడ్డంగా నిలబడిన గేదె, ఇవన్నీ మన పాల వేళల్లోనే ఎదురవుతాయి.

పది పన్నెండు రోజులు ఖాళీ బండి మీద తిరిగి, ఊరి దారి నాలుగైదు సార్లు చూసుకొన్నాక క్యాను సంగతి. అప్పుడు కూడా మొదట పాలు వద్దు, నీళ్లు పోసి కట్టండి. ఒలికినా నష్టం లేదు. నలభై లీటర్ల నిండు క్యాను, డబ్బాతో కలిపి యాభై కిలోల దగ్గరకు వస్తుంది. ఈ బరువు వెనుక పడితే ముందు చక్రం తేలికై హ్యాండిలు మాట వినదు, బ్రేకు వేశాక ఆగే దూరమూ పెరుగుతుంది. రెండు పక్కలా సమంగా, వీలైనంత కిందుగా కట్టాలి. సగం క్యాను నిండు క్యాను కన్నా చెడ్డది, ఊగుతుంది. పాలు తక్కువయితే చిన్న క్యానులు వాడాలి. హ్యాండిలుకు తగిలించడం ఎంతమాత్రం పనికిరాదు. బరువున్నప్పుడు వెనుక టైరులో గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మహిళా సభ్యులు చాలామంది ఇప్పుడు బండ్లు నేర్చుకొంటున్నారు, సంతోషం. చీర కొంగు, చున్నీ చక్రంలోనో గొలుసులోనో చిక్కకుండా నడుముకు బిగించుకోవాలి.

ఇక కాగితాలు. సాధనకు ముందే లెర్నరు లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు. ఎల్ గుర్తు బండికి ముందూ వెనుకా ఉండాలి. నేర్పే లైసెన్సుదారుని తప్ప వెనుక ఎవరినీ ఎక్కించుకోరాదు. బీమా గడువు చూసుకోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్టు పట్టీ బిగించి పెట్టుకోవాలి. సంఘం రెండు కిలోమీటర్లే గదా అనేవారికి, ఆ సభ్యుడు పడినది కొట్టం నుంచి అర కిలోమీటరు లోపలే అని చెబుతున్నాము.

ఇంకొక మాట కఠినంగానే చెప్పాలి. బడికి పోయే పిల్లవానికి పొద్దున్నే క్యాను కట్టి పంపే తల్లిదండ్రులను ప్రతి సంఘంలోనూ చూస్తున్నాము. గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నాయి. ఇటువంటి పాలు తెచ్చినప్పుడు కార్యదర్శులు చూసీ చూడనట్లు ఊరుకోరాదు. ఆ ఇంటివారిని పిలిచి చెప్పాలి.

కిందటి నెలలో ఆ సంఘానికి మళ్లీ వెళ్లాము. రిజిస్టరులో ఆ సభ్యుని పేరు ఎదుట రెండు పూటలా అంకెలు ఉన్నాయి. బయట ఆయన బండి ఉంది, రెండు పక్కలా రెండు చిన్న క్యానులు. నీళ్లతో ఎన్నాళ్లు తిరిగారని అడిగాము. "తొమ్మిది రోజులు సార్. ఊరంతా నవ్వారు" అన్నారు. మంచు దట్టంగా ఉన్న రోజున మాత్రం ఇప్పటికీ సైకిలే తెస్తున్నారట.