రాజు పేరు లేని రాజగీతము

పాఠ్యభాగము: 1 రాజులు 1:5-10, 32-40



ఈ అధ్యాయములో ఇద్దరు రాజకుమారులు కనబడుచున్నారు. అదోనియా తనంతట తానే రాజు కాగోరి విందు చేసెను. సొలొమోనునైతే దావీదు సెలవుచొప్పున యాజకుడగు సాదోకు గీహోనునొద్ద తైలముతో అభిషేకించెను. అప్పుడు బాకా మ్రోగెను. జనుల సంతోషధ్వనికి నేల అదిరెను.

ఈ సంగతినే హాండెల్ పాటగా కట్టెను. "హల్లెలూయ" గీతము గల "మెస్సయ"ను 1741లో కూర్చినవాడు ఇతడే. 1727 అక్టోబరు 11న లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో రెండవ జార్జి రాజునకు పట్టాభిషేకము జరిగెను. హైదరాబాదులో మొదటి నిజాం పాలన ఆరంభమై అప్పటికి మూడేండ్లు. ఆ దినమునకై హాండెల్ నాలుగు గీతములు కూర్చెను. మాటలన్నియు లేఖనములవే. "సాదోకు" గీతము మన పాఠ్యభాగమునుండియు, తక్కినవి ముఖ్యముగా 21, 45, 89 కీర్తనలనుండియు తీయబడినవి.

ఆ దినమున పాట సరిగా సాగలేదు. గీతములు గందరగోళమైనవని ఆర్చిబిషప్పు విలియం వేక్ తన ఆరాధనక్రమ ప్రతిలో వ్రాసికొనెను. నేడు మనము వినునవి తరువాతివారు శ్రద్ధగా సాధనచేసి పాడిన రికార్డులు. 1963లో డేవిడ్ విల్‌కాక్స్ నడిపింపున కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజి గాయకులు పాడిరి. 1980ల ఆరంభమున సైమన్ ప్రెస్టన్ నడిపింపున అబ్బే గాయకులే, హాండెల్ కాలపు తీరు వాద్యములతో పాడిరి. రెంటిలోను పై స్వరము బాలురదే. మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో సెల్‌ఫోనులోనే వీటిని వినవచ్చును.

వినునప్పుడు రెండు సంగతులు గమనించుడి.

1. నిమిషమునకు పైగా వాద్యములే మెల్లమెల్లగా పెరుగుచుండును, గొంతు వినబడదు. పిమ్మట ఏడు స్వరముల గాయకులు, బూరలు, నగారాలు ఒక్కపెట్టున లేచును. అభిషేకమునకు కనిపెట్టవలెను, అదోనియా కనిపెట్టలేదు.

2. పాటలో మొదట వినబడునది యాజకుని పేరు. పిమ్మట ప్రవక్తయైన నాతాను పేరు. ఆ తరువాతనే సొలొమోను పేరు. జార్జి పేరు ఎక్కడను లేదు. అతడు 1760లో గతించెను. గీతమైతే 2023 మే 6న మూడవ చార్లెస్ వరకు ప్రతి పట్టాభిషేకమందును పాడబడెను.

ప్రియులారా, సంఘ పెద్దరికమైనను, ఊరి పదవియైనను తనంతట తీసికొనునది కాదు, పొందునది. విందులు పెట్టి మనుష్యులను కూర్చుకొనిన అదోనియా అతిథులు నిలువలేదు (49వ వచనము).

ఆలోచించుడి: మన సంఘములో పెద్దలను ఎన్నుకొనునప్పుడు మనము వెదకునది విందు పెట్టువానినా, అభిషేకమునకు కనిపెట్టువానినా?