లెయిలాని: పేరులోని పూలదండ



మీ తరగతిలో 'లెయిలాని' అనే పేరు గల బాలిక ఉన్నదా? ఇది ఇంగ్లీషు పేరు కాదు, ఫ్రెంచి పేరూ కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల భాషకు చెందిన పేరు. నేడు దీని అర్థాన్ని, దీని వెనుక ఉన్న కథను తెలుసుకొందాం.

ఈ పేరులో రెండు పదాలున్నవి. 'లెయి' అనగా పూలు, ఆకులు, గవ్వలు మొదలైన వాటితో కూర్చి మెడలో ధరించే దండ. 'లాని' అనగా ఆకాశం, స్వర్గం. కావున లెయిలాని అనగా దివ్యమైన పూలదండ. 'లెయి'కి ముద్దుబిడ్డ అనే అర్థం కూడా ఉన్నది. బిడ్డను భుజాలపై ఎక్కించుకొన్నప్పుడు ఆ చిన్ని కాళ్లు మెడకు ఇరువైపులా దండవలె వేలాడుతాయి కదా! తిరునాళ్లలో రథాన్ని చూపడానికి మన తాతలు మనుమలను ఎత్తుకొనేది కూడా ఇట్లే.

మన భాషలో విశేషణం ముందు వస్తుంది: 'తెల్లని పువ్వు'. హవాయి భాషలో అది నామవాచకం తరువాత వస్తుంది. అందుచేత 'లెయి' ముందు, 'లాని' వెనుక నిలిచినవి. అయితే ఒక పోలిక గమనించండి. హవాయి భాషలో పదాలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. మన తెలుగు కూడా అజంత భాషయే!

1934లో హ్యారీ ఓవెన్స్ అనే సంగీతకారుడు అప్పుడే పుట్టిన తన కుమార్తె కోసం 'స్వీట్ లెయిలాని' అనే పాటను రచించాడు. ఆ పాటతో ఈ పేరు దూరదేశాలకు తెలిసింది. కాని హవాయిలో 1860లో వచ్చిన ఒక చట్టం, పుట్టిన బిడ్డకు క్రైస్తవ నామం ఉండి తీరాలన్నది. ఎందరి హవాయి పేర్లో రెండవ స్థానానికి జరిగినవి. ఆ చట్టం 1967లో గాని రద్దు కాలేదు.

మనం నివసించే కెనడాకు కూడా హవాయి ప్రజలు పూర్వమే వచ్చారు. హడ్సన్స్ బే కంపెనీ 1827లో కట్టిన ఫోర్ట్ లాంగ్లీ కోటలో వారు కష్టపడి పనిచేశారు. తరువాత కొన్ని కుటుంబాలు సాల్ట్ స్ప్రింగ్ దీవిలో స్థిరపడినవి. మేపుల్ రిడ్జ్‌లో 'కనక క్రీక్' అనే ఏరు నేటికీ ఉన్నది. మనకు కనకం అనగా బంగారం. హవాయి భాషలో 'కనక' అనగా మనిషి. ఎవరి పేరు వారికి ఉన్నా, పరాయివారు వారందరినీ ఆ ఒక్క మాటతోనే పిలిచారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ముత్తాత గుర్తుకు వచ్చాడు. ఆయన రబ్బరు తోటలో కూలీ. తోట గుమాస్తా ఆయన పేరును తన చెవికి తోచినట్లు వ్రాసుకొన్నాడు. ఆ తప్పు రూపమే మా కాగితాలలో నిలిచిపోయింది. అసలు పేరు ఏమిటో చెప్పగల పెద్దలు ఇప్పుడు మా ఇంట లేరు.

పిల్లలారా! పేరు తల్లిదండ్రులు బిడ్డ మెడలో వేసే మొదటి దండ. మీ స్నేహితుల పేర్లను సరిగా పలకండి. మీ పేరును ఎవరైనా తప్పుగా పలికితే, సిగ్గుపడక మర్యాదగా సరిదిద్దండి.

అభ్యాసం
1. 'లెయి' అనే పదానికి గల రెండు అర్థాలను వ్రాయండి.
2. 'కనక' అనే మాటకు తెలుగులోను, హవాయి భాషలోను గల అర్థాలేమిటి?
3. మీ పేరును ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఇంటిలోని పెద్దలను అడిగి ఐదు వాక్యాలు వ్రాయండి.