విండోస్ పుట్టుపూర్వోత్తరాలు – మన లిపులు

కంప్యూటరులో యంత్రభాగాలకూ, వాటిని వినియోగించే మానవునికీ నడుమ మధ్యవర్తిగా నిలిచే ప్రోగ్రాముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టం. మీట నొక్కితే అక్షరాన్ని గ్రహించడం, దానిని తెరపై చూపడం, ఫైళ్ళను డిస్కులో భద్రపరచడం దాని విధులు. కాబట్టి అది గుర్తించని లిపికి ఆ యంత్రంలో చోటు దొరకడం దుర్లభం. విండోస్ పరిణామాన్ని ఈ దృష్టితో పరిశీలించడం మనకు అవసరం.

ఆవిర్భావం

1974లో గ్యారీ కిల్డాల్ చిన్న కంప్యూటర్ల కొరకు సి.పి./యం. అనే వ్యవస్థను రూపొందించాడు. 1980లో టిమ్ పాటర్సన్, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే సంస్థలో పనిచేస్తూ, ఆ ఒరవడిలోనే 8086 ప్రాసెసరుకు మరొక వ్యవస్థను వ్రాశాడు. 1981లో మైక్రోసాఫ్ట్ దానిని కొని, ఆగస్టులో వెలువడిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరుకు సమకూర్చింది. అదే డాస్. ఇతర తయారీదారులకు సైతం దానిని విక్రయించే హక్కును మైక్రోసాఫ్ట్ తనవద్దనే ఉంచుకున్నది. ఐ.బి.యం. నమూనా యంత్రాలు విస్తరించగా డాస్ కూడా విస్తరించింది.

పరిణామం

డాస్‌కు ఆదేశాలను ఆంగ్లంలో టైపు చేయవలసివచ్చేది. అంతకు పూర్వమే, 1973లో, జిరాక్స్ పరిశోధనా కేంద్రం నిర్మించిన ఆల్టో యంత్రం తెరమీది బొమ్మలనూ మౌస్‌నూ ఉపయోగించింది. 1984లో ఆపిల్ మకింటాష్ ఆ పద్ధతిని జనసామాన్యానికి పరిచయం చేసింది. 1985 నవంబరులో విండోస్ మొదటి రూపం వెలువడినా, విశేషాదరణ లభించినది 1990 నాటి 3.0కే. ఇవి డాస్ పునాదిపై నిలిచినవి. 1993లో విండోస్ ఎన్.టి. నూతన పునాదిని వేసింది, 2001లో ఎక్స్.పి. ద్వారా ఆ పునాది గృహాలలోని కంప్యూటర్లకూ చేరింది.

లిపుల సమస్య

డాస్ తెరపై ఒక్కొక్క అక్షరానికి ఒక బైటు, ఒక నిర్ణీతమైన గడి. మొత్తం సంకేతాలు 256. రోమన్ లిపికి ఇది చాలును. కాని తెలుగులో గుణింతాలు, వత్తులు కలిసి ఆకృతి మారుతుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది. పదంలోని స్థానాన్ని బట్టి అక్షరరూపం వేరవుతుంది. అందుచేత రోమన్ సంకేతాల స్థానంలో తెలుగు బొమ్మలను అమర్చిన ఫాంట్లు వచ్చాయి. అదే ఫాంటు లేని యంత్రంలో తెలుగు వ్యాసం అర్థరహిత చిహ్నాల గుంపుగా కనిపించేది.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రతి అక్షరానికీ ప్రత్యేక సంఖ్యను నిర్ణయించింది. తెలుగు ‘అ’కు 3077, ఉర్దూ అలిఫ్‌కు 1575. ‘స్త్రీ’ అనే మాటలో ఆరు సంకేతాలు వరుసగా నిలువ ఉంటాయి. వాటిని ఒక్క ఆకృతిగా కూర్చి చూపే బాధ్యత వ్యవస్థది. ఎన్.టి. తన అంతర్భాగంలో యూనికోడ్‌ను స్వీకరించింది. విండోస్ 2000లో ఉర్దూకు, 2001 నాటి ఎక్స్.పి.లో తెలుగుకు స్థానం లభించింది.

ముగింపు

డాస్ వెలువడిన ఇరువది సంవత్సరాలకు గాని తెలుగుకు ఆ స్థానం దక్కలేదు. నేడు ఒకే పుటలో తెలుగు ఎడమ నుండి, ఉర్దూ కుడి నుండి నడవగలవు. ఇంత శ్రమతో లభించిన సౌకర్యాన్ని విడిచి, మన మాటలను రోమన్ అక్షరాలలో వ్రాయడం ఉచితం కాదు. విద్యార్థులు తమ లిపిలోనే టైపు చేయడం అభ్యసించాలి. కళాశాల ప్రయోగశాలలో అందుకు తగిన వసతి కల్పించడం పెద్దల కర్తవ్యం.