సెరంగూన్ వీధిలో ఆదివారము

సింగపూరు ఒక చిన్న ద్వీపరాజ్యము. మలయా ద్వీపకల్పపు దక్షిణాగ్రమునకు ఎదురుగా, భూమధ్యరేఖకు సమీపమున అది యున్నది. దాని వైశాల్యము సుమారు 730 చదరపు కిలోమీటర్లు; జనసంఖ్య 60 లక్షలు. 1965వ సంవత్సరమున అది స్వతంత్ర రాజ్యమైనది. ఆ నగరమును వర్ణించువారు ఆకాశము నంటు భవనములను గూర్చియు, నిర్మలమైన వీధులను గూర్చియు, ఓడలతో నిండిన రేవును గూర్చియు చెప్పుదురు. అవన్నియు నిజమే. కాని ఆ భవనములను కట్టువారును, ఆ ఓడలను బాగుచేయువారును ఆరు దినములు పనిచేసి, ఏడవనాడు ఎచ్చటికి పోవుదురో, ఏమి తిందురో, ఏమి చూతురో తెలిసికొనినగాని ఆ నగరము సగమైనను తెలిసినట్లు కాదు.

వారిలో తమిళులు, బంగ్లాదేశీయులు పెక్కుమంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల పల్లెల నుండి వెడలిన వెల్డర్లు, ఫిట్టర్లు, తాపీపనివారును కలరు. వీరిలో అనేకులు ఏజంట్లకు ధనము చెల్లించి, అందులకై స్వగ్రామమున అప్పుచేసి వచ్చినవారు. తొలి మాసముల జీతము ఆ అప్పునకే చాలదు. కావున సెలవుదినము వారికి వినోదదినము మాత్రమే కాదు, లెక్కల దినము కూడ. తిండికి ఒక డాలరు అధికముగ వెచ్చించినచో ఇంటికి పోవు డాలరు ఒకటి తగ్గును.

శనివారము పని ముగిసిన పిమ్మట వారికి అందుబాటులో నుండు భోజనస్థలము హాకర్ సెంటర్. విశాలమైన పైకప్పు, దాని క్రింద వరుసలుగా చిన్న చిన్న అంగళ్లు, నడుమ బల్లలు. ఒక అంగడిలో చీనావారి కోడియన్నము. ప్రక్కదానిలో మలయ్ ప్రజల కొబ్బరిపాల అన్నము. ఆ ప్రక్కన మన దోసె. దోసెను అచ్చట తమిళ ఉచ్చారణ ననుసరించి 'తోసై' అందురు. పరాటా 'ప్రాటా' యైనది. టీని ఒక లోటా నుండి మరియొక లోటాలోనికి మూరెడెత్తు నుండి పోసి, నురుగు తెప్పించి ఇత్తురు. దాని పేరు 'తే తారిక్', అనగా లాగిన టీ. 'మీ గొరెంగ్' అను వంటకము మరింత చిత్రమైనది. చీనావారి నూడుల్సును భారతీయ ముస్లిము వంటవారు మిరప, టొమాటోలతో వేయించి, మలయ్ భాషలో దానికి పేరు పెట్టిరి. ఒక్క పళ్లెములో మూడు జాతులు చేరినవి. నాలుగైదు డాలర్లతో కడుపు నిండును. ఖాళీ బల్లపై చిన్న కాగితపు రుమాళ్ల పొట్లము కనబడినచో ఆ చోటు ఇదివరకే ఒకరు పట్టుకొనిరని అర్థము. దానిని ఎవ్వరును కదల్పరు! తిన్నవారు తమ పళ్లెమును తామే తీసి నియమిత స్థలమున ఉంచవలెను. 2021 నుండి ఇది చట్టము. మరల మరల మరచువారికి జుల్మానా కలదు.

పూర్వము ఈ వంటకములన్నియు వీధులలోనే అమ్ముచుండిరి. మురుగుకాలువ ప్రక్కన పొయ్యి, ఎన్ని పళ్లెములైనను ఒకే బొక్కెన నీటిలో కడుగుట, ఎంగిలి కాలువపాలు. కలరా, టైఫాయిడ్ వ్యాధుల భయము ఎల్లప్పుడును ఉండెడిది. అందువలన ప్రభుత్వము వీధి వర్తకుల పేర్లు నమోదు చేయించి, 1971 మొదలు 1986 వరకు నీటి కుళాయిలు, మురుగు సౌకర్యములు గల కేంద్రములను కట్టించి, దాదాపు 18,000 మందిని అందులోనికి మార్చెను. వీధి వర్తకులను తరిమివేసిన నగరములు లోకమున అనేకము. వారికి నీడ కల్పించినవి కొలదిగనే యున్నవి. ఈ సంస్కృతిని 2020లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఆ గౌరవము తగినదే. ఐనను వంటవారి సగటు వయస్సు 60 సంవత్సరములకు సమీపించినది. తెల్లవారుజామున లేచి, రోజంతయు పొయ్యి యెదుట నిలుచుట చదువుకొనిన బిడ్డలకు రుచింపదు. ధర పెంచినచో కూలివాడు రాడు. పెంచనిచో కొడుకు రాడు. ఈ చిక్కు ఇంకను తీరలేదు.

ఆదివారము ఉదయమున ఖర్చు లేకుండ చూడదగినది వృక్షశాస్త్ర ఉద్యానము. 1859లో నెలకొల్పబడిన ఈ తోటలో ప్రవేశమునకు రుసుము లేదు. 2015లో ఇది ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడెను. పచ్చిక, చెరువులు, హంసలు చూచి పోవువారే అధికము. కాని తెలుగువాడు ఇచ్చట కొంతసేపు నిలువవలసిన కారణమొకటి కలదు. 1877లో ఇంగ్లండు నుండి తెచ్చిన రబ్బరు మొక్కలు కొన్ని ఈ తోటలో పెరిగినవి. 1888 నుండి దీనికి అధికారిగా నున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండ బెరడును పలుచగా గీసి పాలు తీయు పద్ధతిని కనిపెట్టి, రబ్బరు నాటుడని తోటల యజమానులను విసుగులేక ప్రేరేపించెను. పిమ్మట మలయా అంతటను రబ్బరు తోటలు వ్యాపించినవి. వానిలో పనికై సముద్రము దాటి పోయిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. నేడు ఆ తోటలో చెట్టునీడన కూర్చుండి పొట్లము విప్పుకొను వెల్డరునకు ఈ సంగతి తెలిసియుండకపోవచ్చును. అతని కంటె నూరేండ్లకు ముందే అతని భాష ఆ ప్రాంతమునకు చేరినది.

ఉద్యానము నుండి మెట్రో రైలులో మూడవ స్టేషను 'లిటిల్ ఇండియా'. సెరంగూన్ వీధియు, దాని సందులును కలిసి ఈ పేట యగును. ఒకప్పుడు ఇచ్చట పశువుల వర్తకము జరిగెడిది. 'బఫెలో రోడ్డు' అను పేరు అందుల కింకను సాక్ష్యము చెప్పుచున్నది. వీధి మొదటనే టెక్కా సెంటర్ అను పెద్ద విపణి కలదు. 1915 నాటి పాత విపణికి బదులుగా దీనిని కట్టి 1982లో తెరచిరి. క్రిందిభాగమున కూరగాయలు, చేపలు, మాంసము. ప్రక్కనే భోజనపు అంగళ్లు. పై అంతస్తున బట్టల దుకాణములు, కుట్టుపనివారు. మునగకాయలు, కరివేపాకు, అరటిపూవు కుప్పలుగా కనబడినప్పుడు దూరదేశమందున్నామను మాట క్షణకాలము మరపునకు వచ్చును. అంగడివాడు 'తంబీ' యని పిలుచును. ఇతడు 'అన్నా' యని పలుకును. ఆ పిలుపు ఉభయ భాషలకును చెల్లును గనుక బేరము సాగును. కరివేపాకు కొన్నవాడు సాధారణముగ ఇంటికి ధనము పంపు దుకాణమును ముందే చూచి వచ్చినవాడై యుండును. ముందు పంపుట, మిగిలినదానిలో కొనుట. ఈ క్రమము తప్పువారు అరుదు.

ఆ వీధిలోనే కొంతదూరము నడచినచో శ్రీనివాస పెరుమాళ్ కోవెల కానవచ్చును. దాని పుట్టుక 1855 నాటిది. 1978లో జాతీయ స్మారకముగ ప్రకటింపబడినది. తైపూసము నాడు కావళ్లెత్తిన భక్తులు ఇచ్చటి నుండియే బయలుదేరి సుమారు నాలుగు కిలోమీటర్లు నడచి ట్యాంక్ రోడ్డులోని మురుగన్ ఆలయమునకు పోవుదురు. తమిళులు పెరుమాళ్ అనినను, తెలుగువారికి ఆయన వేంకటేశ్వరుడే.

మధ్యాహ్నమునకు సందులన్నియు నిండిపోవును. వేలకొలది జనులు కాలిబాటల పైన, పచ్చికబయళ్ల పైన గుంపులుగా కూర్చుందురు. చూచువారికి వీరు ఊరక కూర్చున్నట్లు తోచును. కాని ఒకే ఊరివాడైన మిత్రుని వేరొక యార్డు నుండి వచ్చినప్పుడు కలిసికొనుటకును, ఎచ్చట జీతము సరిగ ఇచ్చుచున్నారో తెలిసికొనుటకును, ఊరిలోని మంచిచెడుగులు వినుటకును వారికి ఈ దినము, ఈ చోటు తప్ప మరియొకటి లేదు. సింగపూరు గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. అచ్చట రాత్రి ఏడు గంటలైనప్పుడు ఇచ్చట సాయంకాలము నాలుగున్నర. బడి నుండియో, ఆటల నుండియో వచ్చిన బిడ్డ ఆ వేళకు ఫోనులో మాటకు దొరకును.

ఈ ఆదివారము రెండుమారులు చెడినది. 2013 డిసెంబరు 8న ఇచ్చట ఒక భారతీయ కార్మికుడు బస్సు క్రిందపడి మరణించగా అల్లరి చెలరేగెను, వాహనములు తగులబడినవి. పిమ్మట ఈ పేటలో మద్యము పై కఠిన నిబంధనలు వచ్చినవి. రెండవది మరింత దీర్ఘమైనది. 2020 ఏప్రిలులో కరోనా వ్యాధి కార్మికుల వసతిగృహములలో దావానలమువలె వ్యాపించెను. ఒకే గదిలో పలువురు నివసించు ఆ గృహములలో సుమారు 3 లక్షల మంది నిర్బంధమున నుండిరి. వారిలో దాదాపు సగముమందికి వ్యాధి సోకినట్లు సంవత్సరాంతమున ప్రభుత్వమే ప్రకటించెను. మరణములు మిక్కిలి తక్కువ. కాని నగరమందలి తక్కినవారు మరల హాకర్ సెంటర్లలో కూర్చుండిన పిమ్మట కూడ వీరికి పనిస్థలము, గది తప్ప మరియొక చోటు లేకపోయెను. సెరంగూన్ వీధి అంగళ్లవారు ఆదివారమున వచ్చువారు లేక కూర్చుండిరి. 2021 సెప్టెంబరులో కొలదిమంది కార్మికులను మాత్రము బస్సులలో ఈ పేటకు కొన్ని గంటలకై తీసికొనివచ్చిరి. వారు కోవెలకు పోయిరి, సరకులు కొనిరి, తమకు నచ్చిన భోజనము తినిరి. ఏడాదిన్నర పిమ్మట ఇంతటి చిన్న సంగతి అచ్చటి పత్రికలకు వార్తయైనది.

ఇప్పుడు ఆ వీధి మరల నిండుచున్నది. రాత్రి తొమ్మిది దాటుసరికి గుంపులు విడిపోవును. సంచులలో బియ్యము, మసాలాలు, ఒక కట్ట కరివేపాకు పెట్టుకొని, వసతిగృహములకు పోవు బస్సుల కొరకు వరుసలు కట్టి నిలుతురు. సోమవారము తెల్లవారకముందే లేవవలెను.