బాడుగ విమానము

విమానము నడుప నేర్చి లైసెన్సు బొందినవాడు బాడుగకు జనుల నెక్కించుకొనవచ్చునని పలువురు తలంతురు. మేమును అట్లే తలచితిమి. అమెరికా సంయుక్త రాష్ట్రముల చట్టమును జూచిన పిమ్మట మా పొరపాటు తెలిసినది.

అచ్చట ప్రైవేటు పైలట్టు ప్రయాణికులను గొనిపోయి కూలి గైకొనరాదు. మిత్రులతో గలసి పోవునపుడు పెట్రోలు, ఆయిలు, విమానాశ్రయపు రుసుము, విమానపు అద్దె, వీనిలో తన వంతు తాను తప్పక భరించి, తక్కినది మాత్రము వారివలన గైకొనవచ్చును.

కమర్షియల్ పైలట్టునకు 18 ఏండ్లు నిండవలెను. సాధారణముగా 250 గంటలు విమానయానము చేసి యుండవలెను. ధనికుడొకడు తన సొంత విమానమునకు వానిని జీతమున కుంచుకొనిన తప్పులేదు. కాని "రండు, ఎక్కుడు, బాడుగ యింత" యని ప్రజలను బిలిచి యొకచోటినుండి వేఱొకచోటికి జేర్చుటకు ఆ లైసెన్సు చాలదు. అట్టి వ్యాపారము చేయువారు విమానశాఖవలన ప్రత్యేకముగా అనుమతిపత్రము బొందవలెను. లైసెన్సు ఒక మనుష్యుని నేర్పునకు సాక్ష్యము. అనుమతిపత్రమన్ననో, విమానపు మరమ్మతు, పైలట్టుల విశ్రాంతి, శిక్షణము మున్నగు వానికెల్ల ఆ వ్యాపారి పూచీ పడుట.

ఫ్లైటెనౌ అను సంస్థ ప్రైవేటు పైలట్టులను, ఖర్చు పంచుకొను ప్రయాణికులను ఇంటర్నెట్టులో గలుప జూచెను. వంతులే గాని బాడుగ కాదని వాదించెను. ఈ వాదము మొదట మాకును సబబుగానే తోచినది. వాషింగ్టను నగరమందలి అపీలు న్యాయస్థానము 2015లో దీని నంగీకరింపలేదు. పేరు వ్రాయించుకొనిన ప్రతివాడును చేరగల చోట ప్రయాణమును జాటుట ప్రజలను బిలుచుటయే యని తీర్పు చెప్పెను. విమానమెక్కు పరాయివాడు ఆ పైలట్టు అనుభవ మెంతటిదో యెట్లెఱుగును?