అటక మీది తుపాకి: ఓ ప్లీడరు పాఠాలు

భద్రాచలం, కొత్తగూడెం కోర్టుల్లో ఆయుధ కేసులు వాదించి నల్లకోటు పక్కనపెట్టినవాణ్ణి. జూనియర్లు ఇంకా వచ్చి అడుగుతుంటారు, అందుకే ఇవి.

1. "తాతలనాటిది సార్, దీనికి లైసెన్సేంటి?" అంటారు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాన్ని వదిలిపెడుతుంది, నిజమే. కానీ మరమ్మతు చేసినా సరే పేలనిదై ఉండాలి. స్ప్రింగు మారిస్తే పేలేదానికి లైసెన్సు కావాల్సిందే. వందేళ్లు దాటితే పురావస్తువన్నది 1972 నాటి వేరే చట్టం. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి.

2. భుజానికి ఆనించే పిస్టల్ సంగతి అడుగుతారు. 1914 ఆగస్టులో కలకత్తా రొడ్డా కంపెనీ సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46 వేల తూటాలు ఎత్తుకుపోయారు. ఆ పిస్టల్‌ను దాచుకునే చెక్కపెట్టెనే పిడికి తగిలిస్తే తుపాకి మడమ అయిపోతుంది, రైఫిల్‌లా కాల్చొచ్చు. మరుసటేడు బాలాసోర్ దగ్గర బాఘా జతిన్ బృందం పోలీసుల్ని ఎదిరించింది మౌజర్లతోనే. అమెరికాలో 1934 చట్టం ప్రకారం, 16 అంగుళాలకు తక్కువ గొట్టమున్న పిస్టల్‌కి మడమ తగిలిస్తే అది విడిగా రిజిస్టరు చేయాల్సిన ఆయుధం. కొన్ని పాత అసలు జతలకే సడలింపు. మన చట్టంలో ఆ పేచీ లేదు. మడమ ఉన్నా ఊడినా, పేలేదైతే లైసెన్సు. గొట్టం కోసి పొట్టిచేయాలంటే మాత్రం 6వ సెక్షన్ కింద మరో లైసెన్సు.

3. మన ఏజెన్సీలో మౌజర్లెక్కడివి, వచ్చేవి భర్మార్లు, అంటే గొట్టం మూతిలోంచి మందు కూరే నాటు తుపాకులు! పంట కాపలాకైతే భర్మార్‌కి లైసెన్సు అడిగే దారి 13వ సెక్షన్‌లో ఉంది. అదే తుపాకితో కిన్నెరసాని అడవిలో దొరికితే వన్యప్రాణి చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది.

4. ప్రతి పాత తుపాకీ అల్లూరి దండుదేనట. చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. అక్కడ దొరికిన తుపాకులు ఇన్ని అటకలకు సరిపోవు. ఆ కథ ధర పెంచుతుందేమో గానీ మేజిస్ట్రేటు ముందు సాక్ష్యం కాదు.

5. లైసెన్సుదారు పోతే వారసులు ఆలస్యం లేకుండా స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినా ఒకరికి రెండే.

6. కేసు కట్ట చేతికి రాగానే 39వ సెక్షన్ కింద కలెక్టరు అనుమతి ఉందో లేదో చూడండి. తర్వాత ఫోరెన్సిక్ నివేదిక. "తుపాకి" అని రాస్తే చాలదు, అది పేలే స్థితిలో ఉందని ఏ పరీక్షతో తేల్చారో క్రాస్‌లో అడగండి.